మా ఇంటి వంకర ముక్కులు

మొదటి సంవత్సరంలో ఒకరోజు ప్రబంధాల క్లాసులో మేడమ్‌గారు నంది తిమ్మన గురించి చెబుతున్నారు. పారిజాతాపహరణం రాసిన అంతటి కవికి, ముక్కు మీద చెప్పిన ఒక్క పద్యంతో 'ముక్కు తిమ్మన' అనే పేరు స్థిరపడిపోయిందట. క్లాసంతా నవ్వింది. తర్వాత మేడమ్ నన్ను లేపి ఆ పాఠంలో పద్యం ఒకటి చదవమన్నారు. చదివాను. క్లాసు మళ్లీ నవ్వింది, ఈసారి నన్ను చూసి.

అప్పటికి నా ముక్కు మూసుకుపోయి నాలుగేళ్లు. ముక్కు మూసుకుపోతే మన అక్షరమాలలో ముందు దెబ్బతినేవి అనునాసికాలు. వ్యాకరణంలో చదువుకున్నాం కదా, ఙ, ఞ, ణ, న, మ పలకాలంటే గాలి ముక్కులోంచి పోవాలి. పోకపోతే 'మ' కాస్తా 'బ' అవుతుంది, 'న' కాస్తా 'ద' అవుతుంది. 'నేను' అంటే 'దేదు' అని వస్తుంది. ఇంటికి ఫోన్ చేసి 'అమ్మా' అంటే అవతల 'అబ్బా' అని వినబడేది. మా అమ్మ కంగారుపడి "ఏటయిందే, దెబ్బ తగిలిందా?" అనేది.

ఆ ముక్కు సంగతే ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో కొంచెం డాక్టరు పాఠం వస్తుంది, ఓపిక పట్టండి.

మాది కొట్పాడ్. ఒడిశాలో కొరాపుట్ జిల్లా. జయపురం నుంచి జగదల్‌పూర్ పోయే రోడ్డులో బొరిగుమ్మ దాటాక వస్తుంది. అక్కడ తెలుగువాళ్లు ఉండడమేమిటని హాస్టల్లో చాలామంది అడిగారు. 1936లో ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా ఆ కొండ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. సాలూరు ఘాటీ ఎక్కి వ్యాపారానికి పోయినవాళ్లు కొందరు అక్కడే ఉండిపోయారు. మా తాతగారు అలా వెళ్లినవారే. మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా. నాన్నకు కిరాణా కొట్టు. అమ్మ పుట్టిల్లు సాలూరు.

మా ఊరి పేరు బయటివాళ్లకు తెలిసేది నేతవల్ల. మిర్గాన్ నేతకారులు ఆల్ చెట్టు వేరు నుంచి తీసిన రంగుతో నూలుకు ముదురు ఎరుపు, గోధుమ రంగులు ఎక్కిస్తారు. ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రంగు వేసేముందు నూలుకు ఆముదం, పేడ పట్టిస్తారు. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మర్చిపోలేరు. మా బడికి దారి వాళ్ల వీధిలోంచే. చిన్నప్పుడు ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్లం. తొమ్మిదో తరగతిలో ఒకరోజు నేను ముక్కు మూసుకోకుండానే నడిచి వచ్చేశాను. పక్కనున్న పిల్ల "నీకు వాసన రాలేదా?" అంది.

రాలేదు. ఆ రోజు నుంచి పులిహోర పోపు రాలేదు, మల్లెపూలు రాలేదు, తొలకరి వానకు మట్టి రాలేదు.

రొంపకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అంటారు. నా రొంప ఆ లెక్కలో లేదు. ఎడమ బుగ్గ బరువు. వంగితే కంటి కింద ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు. గొంతులోకి ఎప్పుడూ ఏదో జారుతూ ఉండేది. నాయనమ్మ పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టించింది. అమ్మ వావిలాకు మరిగించి ఆవిరి పట్టించింది. మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ బిళ్లలు మూడురోజులు వేసుకుంటే కాస్త తేలిక, ఆపితే మళ్లీ మొదటికే.

ప్లస్ టూలో ఉండగా ఒక పట్టణంలో డాక్టరుకు చూపించారు. ఆయన ఎక్స్‌రే ఒక్క నిమిషం వెలుగులో పట్టి చూసి, "ముక్కు దూలం వంకర. ఆపరేషన్ చేస్తేగానీ పోదు. 40 వేలవుతుంది" అన్నారు. ఎందుకు వంకరయిందని అమ్మ అడిగింది. "పుట్టుకతోనే" అన్నారు. ఆయన మామూలుగానే అని ఉంటారు. మా ఇంట్లో మాత్రం ఆ మాట వేరేగా పడింది.

నన్ను కడుపుతో ఉన్నప్పుడు ఒక గ్రహణం వచ్చిందట. కదలకుండా పడుకోమని నాయనమ్మ చెప్పిందట. అప్పటికి రెండేళ్లవాడైన మా అన్నయ్య ఆకలని ఏడిస్తే అమ్మ లేచి కత్తిపీట మీద జామకాయ కోసి పెట్టిందట. పద్దెనిమిదేళ్ల కిందటి ఆ జామకాయ ఆ సాయంత్రం మా ఇంట్లోకి మళ్లీ వచ్చింది.

"కత్తిపీట ముట్టుకోవద్దని సెప్పేనా నేదా? ఇన్నావా? ఇప్పుడు సూడు, పిల్లకి ముక్కు వంకర" అంది నాయనమ్మ.

అమ్మ ఏమీ అనలేదు. ఆ నెల నుంచి నా ఆపరేషన్ కోసమని చీటీ కట్టడం మొదలుపెట్టింది. పండక్కి చీర వద్దంది. రాత్రి నాకు ఆవిరి పట్టేటప్పుడు దుప్పటి కప్పి, నా వీపు మీద చెయ్యి వేసి కూర్చునేది. ఆ చెయ్యి నాకు క్షమాపణ చెబుతున్నట్టు ఉండేది. నిజం చెప్పాలంటే, బాగా నొప్పి ఉన్న రాత్రులు నేను కూడా ఆ జామకాయ గురించి ఆలోచించాను. సైన్సు చదువుకున్న పిల్లనే. అయినా ఆలోచించాను.

ఇక్కడ చేరిన తర్వాత, క్లాసులో నవ్విన మర్నాడే మా రూమ్మేట్ అక్క పట్టుబట్టి విశాఖలో ఒక చెవి ముక్కు గొంతు డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లమంది. ఆవిడ ముక్కులోకి సన్నటి గొట్టం పెట్టి చూశారు, అలర్జీ పరీక్ష చేయించారు, సీటీ స్కాన్ రాశారు. ఫిల్మ్ చూపించే రోజుకు నాన్న ఊరి నుంచి వచ్చారు. అంతకు నెల ముందు వానలో బండి జారి పడితే ఆయనకు తలతోపాటు ముఖం కూడా స్కాన్ తీశారు. తలనొప్పి తగ్గలేదని ఆ ఫిల్ములు విశాఖలో ఇంకొకరికి చూపిద్దామని వెంట తెచ్చుకున్నారు. రెండు కవర్లూ ఒకే సంచిలో ఉన్నాయి.

"ఎలా వచ్చారండీ?" అని అడిగారు డాక్టరమ్మ.

"కిరండూల్ పాసింజర్లో అమ్మా" అన్నారు నాన్న.

"అయితే మీకు సొరంగాల గురించి చెప్పక్కర్లేదు" అని నవ్వి, ఆవిడ నా ఫిల్మ్ పెట్టెలైటు మీద పెట్టారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మన ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. బుగ్గల్లో ఒక జత, నుదుట్లో ఒక జత, రెండు కళ్ల మధ్య తేనెపట్టులాగా చిన్న చిన్న అరలు, ఇంకా వెనక పుర్రె అడుగున ఒక జత. వీటినే సైనసులంటారు. ప్రతి గది లోపల తడిగా ఉండే పల్చని పొర. దానిమీద కంటికి కనబడని నూగు. ఆ నూగు రాత్రింబగళ్లు ఊగుతూ, దుమ్మూ క్రిములూ అంటుకున్న చీమిడిని మెల్లగా తలుపు వైపు నెడుతూ ఉంటుంది.

బుగ్గ గదికి ఒక చిక్కుంది. దాని తలుపు అడుగున ఉండదు, పైన కంటి కింద ఉంటుంది. కుండకు మెడ దగ్గర కన్నం పెట్టినట్టు. అందుకని లోపలిది దానంతటది కారిపోదు. నూగే పైకి మోసుకుపోవాలి. పైగా బుగ్గ గదీ, నుదుటి గదీ, కళ్ల మధ్య ముందువైపు అరలూ, ఈ మూడింటి దారులూ ముక్కు పక్కగోడలో ఒకే ఇరుకు సందులోకి వచ్చి కలుస్తాయి. కొన్ని మిల్లీమీటర్ల సందు. అక్కడ వాపు వచ్చి మూసుకుపోతే వెనక గదులన్నిటిలోనూ చీమిడి నిలవ ఉండిపోతుంది. అలా 12 వారాలు దాటి నడిస్తే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు.

ఆ సందు చుట్టుపక్కల కట్టడం అందరికీ ఒకలాగా ఉండదట. మన వేలిముద్రల సంగతి తెలుసు గానీ ముక్కు లోపలి సంగతి ఎవరికి తెలుసు? ముక్కు దూలం ఒక పక్కకు వంగి ఉండొచ్చు. పక్కగోడల నుంచి లోపలికి వేలాడే మడతల్లో మధ్యది కొందరికి పల్చటి ఎముక, కొందరికి లోపల గాలి నిండి బుడగలాగా ఉబ్బి ఉంటుంది. దాన్ని కాంకా బులోసా అంటారు. కొందరికి కంటి గుంట కింద, బుగ్గ గది తలుపు పక్కనే, ఒక అర అదనంగా ఉంటుంది. 18వ శతాబ్దపు స్విస్ శాస్త్రజ్ఞుడు హాలర్ పేరు మీద దాన్ని హాలర్ అర అంటారు. కొందరికైతే నుదుటి గది అసలే ఏర్పడదు. 'ముక్కుసూటి మనిషి' అని మన భాషలో మెచ్చుకుంటాం. లోపలికి చూస్తే బొత్తిగా సూటిగా ఉన్న ముక్కు అరుదట.

నా ఫిల్మ్‌లో దూలం ఎడమకు వంగి ఉంది. ఎడమ కంటి కింద హాలర్ అర ఉంది. గాలి ఉన్నచోట నల్లగా కనబడాలి. నా ఎడమ బుగ్గ గది సగానికి పైగా బూడిద రంగులో ఉంది.

"అయితే వంకరవల్లే వచ్చింది కదండీ, పుట్టుకతోనే" అన్నాను. అప్పటినుంచీ ఆ మాటతోనే బతికాను మరి.

ఆవిడ జవాబు చెప్పకుండా "ఆ రెండో కవరు ఎవరిది?" అన్నారు. నాన్న మొహమాటంగా ఇచ్చారు. ఆవిడ నా ఫిల్మ్ పక్కన నాన్నది పెట్టారు.

నాన్న ముక్కు దూలం నాకంటే ఎక్కువ వంకర. కుడివైపు ముల్లులాగా ఒక మొన కూడా పొడుచుకొచ్చింది. ఎడమవైపు మధ్య మడత బుడగలాగా ఉబ్బి ఉంది. కానీ గదులన్నీ నల్లగా, కడిగినట్టు ఉన్నాయి.

"మీకు జలుబు ఎన్నాళ్లకోసారి వస్తుందండీ?"

"ఏడాదికోపాలి వస్తాదేమో అమ్మా. మూడ్రోజుల్లో పోతాది."

డాక్టరమ్మ నావైపు తిరిగారు. "చూశావా. సొరంగం వంకరగా ఉన్నంత మాత్రాన రైలు ఆగిపోదు. కొండచరియ పడితే ఆగుతుంది. సొరంగం ఇరుకైతే చిన్న రాయి పడినా ఆగుతుంది. నీది ఇరుకే, కాదనను. కానీ రాళ్లు ఎక్కడినుంచి పడుతున్నాయో చూడకుండా సొరంగం తవ్వితే ఏం లాభం? ముందు రాళ్ల సంగతి చూద్దాం."

మా లైనులో 58 సొరంగాలున్నాయని చెబుతారు. వానాకాలంలో చరియలు పడి బండి ఆగిపోతే గంటలకొద్దీ కూర్చున్న రోజులు నాకు తెలుసు. అందుకే ఆ మాట చటుక్కున ఎక్కింది.

ఆ తర్వాత లైబ్రరీలోనూ, జువాలజీ మేడమ్ సాయంతోనూ కొంత చదివాను. బుగ్గలోని గదిని లియొనార్డో డావిన్సీ 1489లోనే బొమ్మ గీశాడట. 1651లో హైమోర్ అనే ఇంగ్లీషు వైద్యుడు దాన్ని వివరంగా రాశాడు. దారి మూసుకుపోతే కిందిభాగంలో కొత్త కన్నం పెడితే సరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరంలో మెసెర్‌క్లింగర్ అనే డాక్టరు నూగు నడిచే తీరు పరిశీలిస్తే ఒక విచిత్రం తేలింది. కింద ఎంత పెద్ద కన్నం ఉన్నా నూగు చీమిడిని పుట్టుకతో ఉన్న తలుపు వైపే మోసుకుపోతుంది. ఇప్పటి ఎండోస్కోపు ఆపరేషన్లలో కొత్త దారి తవ్వకుండా ఆ పాత దారినే విప్పడానికి కారణం అదే.

ఇక వంకరల సంగతి. 1991లో అమెరికాలో బోల్గర్, ఆయన తోటి డాక్టర్లు 202 మంది సీటీ స్కాన్లు పరిశీలించారు. సైనస్ జబ్బు ఉన్నవాళ్లలో ఈ తేడాలు ఎంతగా కనిపించాయో, వేరే కారణాలకు స్కాన్ తీయించుకున్నవాళ్లలోనూ దాదాపు అంతగానే కనిపించాయి. దూలం బాగా వంగినా, హాలర్ అర పెద్దదైనా ముప్పు కొంత పెరుగుతుందనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ వంకర ఒక్కటే జబ్బు కాదన్నది మాత్రం మా ఇంట్లో రెండు ఫిల్ములు పక్కపక్కన పెడితేనే తెలిసిపోయింది.

మరి నా సొరంగంలో పడుతున్న రాళ్లేమిటి? అలర్జీ పరీక్షలో ఇంటి దుమ్ములో ఉండే పురుగులు బయటపడ్డాయి. మా కొట్టు వెనక గదిలో, మిరపకాయల బస్తాలూ చోళ్ల బస్తాలూ పేర్చినచోట నా మంచం ఉండేది. తొమ్మిదో తరగతిలో 'పెద్దపిల్లవి, నీకో గది' అని నాన్న మురిసిపోతూ ఇచ్చిన గది అది. దానికితోడు పొగ. నాయనమ్మ ప్రేమతో పట్టించిన పసుపుకొమ్ము పొగ కూడా లోపలి పొరను ఇంకా మండించేదేనట. మూడేసి రోజులు వేసుకుని మానేసిన యాంటీబయాటిక్కులవల్ల ఒరిగింది ఏమీ లేదు.

వైద్యం వినడానికి చాలా చిన్నది. రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, ఆ తర్వాత వాపు తగ్గించే స్ప్రే. మూడు నెలలు మానకుండా. పావులీటరు నీళ్లకు అర చెంచా ఉప్పు. నీళ్లు తప్పకుండా మరిగించి చల్లార్చినవే కావాలి, కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోనివ్వకూడదు. సింకు మీదికి వంగి, నోటితో ఊపిరి పీలుస్తూ, ఒక రంధ్రంలో పోస్తే ఇంకో రంధ్రంలోంచి వస్తాయి. మొదటి వారం హాస్టల్ వాష్‌రూమ్‌లో నన్ను చూసి జడుసుకున్న అక్కలందరికీ ఇప్పుడు క్షమాపణలు. స్ప్రేని దూలం వైపు కొట్టకుండా కాస్త బయటివైపుకు, అంటే కంటి మూల వైపుకు, కొట్టాలని కూడా అప్పుడే నేర్చుకున్నాను.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం మెస్‌లో ప్లేటు ముందు కూర్చుని ఆగిపోయాను. సాంబారు మాడింది. మాడిన వాసన వస్తోంది! "అక్కా, సాంబారు మాడింది!" అని అరిచాను. "అది రోజూ మాడుతుందే" అంది రూమ్మేట్. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. బస్టాండు నుంచి ఆటో ఎక్కకుండా నేతకారుల వీధిలోంచి నడిచాను. ఒక అరుగు ముందు నూలు చిలపలు ఆరేసి ఉన్నాయి. ఆముదం, పేడ, ఉడికిన వేరు. అదే కంపు. చిన్నప్పుడు ముక్కు మూసుకుని పరుగెత్తినచోట ఆ రోజు నిలబడి గుండెలనిండా పీల్చాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక రెండు ఫిల్ములూ ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని అమ్మకు చూపించాను. ఇది నాది, ఇది నాన్నది, ఇది వంకర, ఇది గాలి గది అని చెప్పాను. ముక్కు దూలం కొందరికి ఎదిగేటప్పుడే వంగుతుందనీ, కొందరికి పుట్టేటప్పటి ఒత్తిడికి, కొందరికి చిన్నప్పుడు తగిలిన దెబ్బకు వంగుతుందనీ చెప్పాను. నాన్నదే ఎక్కువ వంకరని చెప్పాను. నాయనమ్మ మూల కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వింటోందని తెలుసు.

"అయితే నాయనమ్మా, నాన్న కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పూట నువ్వేం కోశావే?" అన్నాను.

చేట ఆగింది. అన్నయ్య నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. అమ్మ నా కాలు తొక్కింది, ఊరుకోమని.

"నానేటీ కొయ్యనేదు" అంది నాయనమ్మ. కాసేపాగి, "ఆ ఏడు గెరానమే రానేదు" అంది. ఇంకా కాసేపాగి, "ఆడు సిన్నప్పుడు సింతసెట్టు మీంచి పడిపోనాడు. అప్పుడు ఒంగిపోనాదేమో" అంది.

"మరి నేను కూడా ఎక్కడో పడే ఉంటాను నాయనమ్మా."

"పడే ఉంటావు. నువ్వేటి తక్కువదానివా" అంది, చేట మళ్లీ ఆడిస్తూ.

అంతకుమించి ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు సంతరోజు. నాయనమ్మ సంతకు వెళ్లి జామకాయలు కొనుక్కొచ్చింది. కత్తిపీట ముందేసుకుని తనే కోసి, ఉప్పూకారం చల్లి, మొదటి ముక్క అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ తింటూ, "ఆ రోజు కోసిన కాయ వీడు సగమే తిన్నాడు" అని అన్నయ్యను చూపించి నవ్వింది. ఆ జామకాయ గురించి అమ్మ నోరు విప్పడం నేను వినడం అదే మొదటిసారి.

నా కథ పూర్తిగా ముగియలేదు. ఎడమ బుగ్గ గది చాలావరకు తేలికపడింది గానీ వేసవిలో మళ్లీ చూస్తామన్నారు. సరైన వైద్యం నెలల తరబడి చేసినా తగ్గకపోతే, ముక్కులో పిలకలు పెరిగితే, గదిలో బూజు గడ్డకడితే ఆపరేషన్ అవసరం కావచ్చు. అప్పుడు ఎక్కడ ఏ అర ఉందో చూపించే పటంగా నా సీటీ స్కాన్ పనికొస్తుంది. అవసరమైతే చేయించుకుంటాను, భయం లేదు. అమ్మ చీటీ మాత్రం ఆపలేదు. "అక్కరలేకపోతే నీ ఎం.ఏ.కి" అంటోంది.

ఈ గోడ ముందు నిలబడి ఇంతదూరం చదివినవాళ్లకు రెండు మాటలు. జలుబు మూడు నెలలు దాటితే షాపులో బిళ్లలు కొనుక్కోకుండా డాక్టరుకు చూపించండి. ఒక్క పక్కే బుగ్గ నొప్పి, దుర్వాసన ఉంటే పైపళ్లు కూడా చూపించండి, పుచ్చిన పంటి వేరు నుంచి కూడా బుగ్గ గదికి చీము పడుతుంది. కంటిచుట్టూ వాపు వచ్చినా, చూపు మసకబారినా, జ్వరంతో మెడ పట్టేసినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇక, ఎవరి ఒంట్లోనైనా ఏదైనా వంకర కనబడితే వాళ్లమ్మను నిలదీయకండి.

మొన్న ఆదివారం ఇంటికి ఫోన్ చేసి "అమ్మా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

"ఏటమ్మా, వినబడలేదా?"

"వినబడిందే. ఇంకోపాలి అను" అంది.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం, తెలుగు